తలను నిలుపు విద్య

నిజామాబాదు జిల్లాలో బాల్కొండ పేరు చెప్పగానే పసుపు జ్ఞాపకము వచ్చును. ఆర్మూరు చుట్టుపట్టుల చేలలో త్రవ్విన పసుపు కొమ్ములు ఉడికి, ఎండి, బస్తాలకెక్కి నిజామాబాదు మార్కెట్టుకు పోవుచుండును. బాల్కొండలో కొండమీద పాత కోట ఉన్నది. పూర్వము 7వ నంబరు అని పిలువబడి నేడు 44వ నంబరుగా మారిన జాతీయ రహదారి ఆ ఊరి మీదుగా సాగిపోవుచున్నది. పొలముల నడుమ తాటిచెట్లు, ఈతచెట్లు కన్నులకు ఇంపుగా కనిపించును. ఇంత నెమ్మదిగా కనిపించు ఈ ప్రాంతములోనే మనము సాధారణముగా గమనింపని అపాయ మొకటి ఉన్నది. చెట్టుపై మోకు జారిన గీతకార్మికుడు, తలపై బస్తాతో కాలుజారిన హమాలీ, రహదారిపై మోటారు సైకిలునుండి ఎగిరిపడిన యువకుడు – ఈ మువ్వురికిని ఒక్కొక్కప్పుడు ఒకేచోట దెబ్బ తగులుచుండును. అది తల వచ్చి మెడపై ఆను చోటు.

“మెడ విరిగినది” అనుమాట మన పల్లెలలో ఆశ వదలుకొనుటకు మారుపేరు. వైద్యశాస్త్రము సయితము వేల ఏండ్లు ఇంచుమించుగా ఆ మాటనే చెప్పినది. నేడు అట్లు చెప్పుట లేదు. ఈ మార్పు ఒక్క దినమున వచ్చినది కాదు, ఒక్కని వలన వచ్చినదియు కాదు. దాని చరిత్ర నంతయు రెండు మాటలలో ఇముడ్చవచ్చును: చూచుట, పట్టుట. లోపల ఏమి చెడినదో చూడగలుగుట మొదటిది. చెడినదానిని కదలకుండ పట్టి ఉంచగలుగుట రెండవది. చూచుట వైద్యుని పని. పట్టుట మాత్రము వైద్యుడు రాకముందే, చెట్టు మొదటనో బాట ప్రక్కనో, మనబోటివారితో మొదలగును. అందువలననే ఈ చరిత్ర వైద్యులకే కాక మనకందరికిని కావలసినది.

ముందుగా ఆ చోటు ఎట్టిదో తెలిసికొందము. ముచ్చిలిగుంటలో వ్రేలుంచి మెల్లగా క్రిందికి జరిపినచో గట్టి మొన ఒకటి తగులును. అది మెడలోని ఏడు పూసలలో రెండవదాని మొన. మొదటి పూస లోతున ఉండుటచే వ్రేలికి అందదు. ఆ మొదటిది ఉంగరమువంటిది. దానిపై తల ఆనుకొని యుండుటచే మన శాస్త్రగ్రంథములలో దానికి శీర్షధరమను పేరు వచ్చినది. పాశ్చాత్యులు తమ పురాణములలో ఆకాశమును మోసిన అట్లాసు పేరు దానికి పెట్టిరి. భూమిని మోయు ఆదిశేషుని ఎరిగిన మనకు ఆ భావము క్రొత్తది కాదు. రెండవ పూసకు అక్షమని పేరు. దానినుండి దంతమువంటి మొన ఒకటి పైకి లేచి, ఉంగరము లోపల నిలుచును. ఆ దంతము వెనుకకు జరుగకుండ గట్టి నారబంధ మొకటి అడ్డముగా బిగిసి యుండును.

తల ఊపి ఔనన్నపుడు కదలిక ముఖ్యముగా పుర్రెకును మొదటి పూసకును నడుమ జరుగును. తల త్రిప్పి కాదన్నపుడు మొదటిదానికిని రెండవదానికిని నడుమ జరుగును. మెడ తిరుగుటలో సగము వంతు ఈ ఒక్క కీలుదే. సుమారు అయిదు కిలోల బరువుగల తలను మోయుచు, ఇన్ని విధముల త్రిప్పవలసి యుండుటచే ఈ కీలునకు వెన్నెముకలోని తక్కిన కీళ్లకు గల ఎముకల బిగువు లేదు. దాని బలమంతయు నారబంధములలోనే ఉన్నది. దాని వెనుకనే వెన్నుపాము పోవుచున్నది. దానికి మీదుగానే ఊపిరిని, గుండెను నడుపు మజ్జాముఖము ఉన్నది. ఊపిరి పీల్చుటకు ముఖ్యమైన విభాజక పటలమునకు పోవు నరములు మెడలోని మూడు, నాలుగు, అయిదవ స్థానములనుండి పుట్టును. కనుక అంతకు పైన వెన్నుపాము తెగినచో కాలుచేతులు పడిపోవుటయే కాదు, ఊపిరి సయితము ఆగిపోవును.

అయినను ప్రకృతి ఇచ్చట కొంత దయ చూపినది. 1968లో స్టీల్ అను అమెరికా వైద్యుడు ఒక సులభమైన లెక్క చెప్పెను. మొదటి పూస ఉంగరములోని చోటును మూడు పాళ్లు చేసినచో, ఒక పాలు దంతమునకు, ఒక పాలు వెన్నుపామునకు పోవును. మూడవ పాలు ఖాళీగా ఉండును. ఆ ఖాళీ ఉన్నంతవరకు ఎముక విరిగినను మనిషి బ్రతికి యుండవచ్చును. నడచి వైద్యశాలకు రావచ్చును గూడ. ఆ ఖాళీయే రక్ష, ఆ ఖాళీయే మోసము. మెడ నొప్పి తప్ప వేరేమియు లేదనుకొనిన మనిషిని ఎవరో లేవదీసి కూర్చుండబెట్టినపుడో, మెడ పట్టినదని త్రిప్పినపుడో, ఆ కాస్త చోటును నిండిపోవును. దెబ్బ చేయని కీడు అప్పుడు మన చేయి చేయును.

ఇక చరిత్రకు వత్తము. ఈ గాయమును గురించిన మిక్కిలి పాత వ్రాత ఈజిప్టులో దొరికినది. 1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికనుడు కొనిన పపైరసు చుట్ట అది. వ్రాయబడినది క్రీస్తుకు పూర్వము సుమారు 1600 ఏండ్లనాడు. అందలి విషయము అంతకంటెను పాతదని పండితులు చెప్పుదురు. 1930లో బ్రెస్టెడ్ అను చరిత్రకారుడు దానిని అనువదించి ప్రకటించెను. తల మొదలుకొని క్రిందికి నలుబదియెనిమిది గాయములు అందు వరుసగా వర్ణింపబడినవి. మెడపూస తప్పినవాడు తన చేతులను, కాళ్లను ఎరుగకుండుట ఆ వైద్యుడు చక్కగా గుర్తించెను. మెడలోని ఎముకకును, కాలుచేతుల చేష్టకును సంబంధమున్నదని ఆనాడే కనిపెట్టుట సామాన్యమైన సంగతి కాదు. కాని చివరకు అతడిచ్చిన తీర్పు, ఇది చికిత్స చేయదగిన రోగము కాదని. అతడు బయటి లక్షణమును చూచెను గాని లోపలిదానిని చూడలేదు. పట్టుటకు సాధనమును లేదు. అతని తీర్పు కఠినమేగాని అసత్యము కాదు.

మన దేశమున సుశ్రుతుడు రెండవ మాటను ఆరంభించెను. సుశ్రుతసంహితలో విరిగిన ఎముకలకును, తప్పిన కీళ్లకును వేరువేరుగా లక్షణములు చెప్పబడినవి. చికిత్సాస్థానము మూడవ అధ్యాయములో మెడ వంకర తిరిగినను, లోనికి క్రుంగినను చేయవలసిన విధానమున్నది. ముచ్చిలిగుంట యొద్దను దవడల యొద్దను పట్టి తలను పైకి ఎత్తవలెను. తరువాత బద్దలు సమముగా పెట్టి గుడ్డతో చుట్టవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టి ఏడు రాత్రులు జాగ్రత్తగా కాపాడవలెను. ఇందులోని మూడు మెట్లను గమనింపుడు: సాగదీయుట, కట్టుట, కదలనీయకుండుట. ఇటీవలి వందల ఏండ్లలో పాశ్చాత్య వైద్యశాలలలో మెడ సాగదీయుటకు వాడిన తోలుపట్టీ గడ్డము క్రిందను, పెడతల వెనుకను – అనగా ఇంచుమించుగా సుశ్రుతుడు చెప్పిన ఆ రెండు చోట్లనే – పట్టుచుండెను. అయితే సుశ్రుతుడు చెప్పినది నేర్చిన వైద్యుని చేతికి. లోపల చూచు సాధనము లేని కాలమున ఆ పని ఎందరికి మేలు చేసినదో, ఎందరికి కీడు చేసినదో లెక్క లేదు.

ఎముకలు కట్టు విద్య మన తెలుగునాట నేటికిని ఉన్నది. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు విననివారు అరుదు. ఆకు పసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ – ఇవి అందలి సామగ్రి. చేతికో కాలికో ఎముక విరిగినపుడు అట్టి కట్టును నమ్మినవారు తరతరములుగా ఉన్నారు. కాని చేతి ఎముక వంటిది కాదు మెడ ఎముక. చేతిని నొక్కి చూచి సరిచేయవచ్చును. మెడను నొక్కి చూచుటయే ప్రమాదము. క్షౌరము తరువాత మెడను ఇటు అటు విరుచుట మన ఊళ్లలో హాయి యనుకొను అలవాటు. ఆరోగ్యవంతునికే అది మంచిది కాదు. దెబ్బ తగిలినవానికి చేయనే కూడదు. పసుపు విషయమును అంతే. చర్మముపై చిన్న గాయమునకు పసుపు అద్దుట మన ఇండ్లలో వాడుక. ముచ్చిలిగుంటపై పట్టు వేసి ఊరకున్నచో లోపల ఎముకకు ఒరుగునది ఏమియు లేదు; విలువైన గంటలు గడచిపోవును.

చూచుటకు దారి 1895లో తెరచుకొన్నది. ఆ సంవత్సరము జర్మనీలో రంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనిపెట్టెను. అయితే ఈ కీలును చూచుట తేలిక కాలేదు. ముందునుండి తీసినచో దవడయు పండ్లును అడ్డము వచ్చును. అందుచే రోగి నోరు తెరిపించి, ఆ తెరచిన నోటి గుండా దంతపు మొనను చిత్రించు పద్ధతి ఏర్పడినది. 1920లో ఇంగ్లండు వైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ మొదటి పూస విరుగుటలను పరిశీలించి ప్రకటించెను. నడినెత్తిమీద బరువుపడి, ఆ బలము నిలువున దిగినపుడు ఉంగరము పగిలి ముక్కలు బయటికి జరుగునని అతడు వివరించెను. తలక్రిందుగా నూతిలో దూకినవానికిని, తలపై బరువుతో పడినవానికిని తగులు దెబ్బ ఇటువంటిది. ముక్కలు బయటికి పోవుటచే లోపలి చోటు పెరుగును. కనుకనే అట్టివారిలో పలువురు కాలుచేతులు పోకుండ బ్రతుకుచున్నారు.

రెండవ పూస కథ మరియొకటి. 1913లో వుడ్ జోన్స్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఉరితీయబడినవారి ఎముకలను పరీక్షించి, రెండవ పూస ఇరుప్రక్కల విరుగు విధమును వర్ణించెను. 1965లో ష్నైడరు అను వైద్యుడును, అతని సహచరులును అటువంటి విరుగుడే మోటారు ప్రమాదములలో కనబడుచున్నదని చెప్పి దానికి తలారి పేరు పెట్టిరి. ఉరికొయ్యపై చావునకు కారణమైన విరుగుడే రోడ్డు ప్రమాదములో బ్రతుకుటకు వీలిచ్చుట వింతగా తోచును. ఉరిలో తల పైకి లాగబడి నరము తెగును; బండిలో ముఖము ఎదుటి పలకకు కొట్టుకొని తల వెనుకకు వాలి పూస విడిపోవును, లోపలి చోటు పెరుగును. 1974లో ఆండర్సన్, డలోన్జో అను ఇరువురు దంతపు మొన విరుగుటను మూడు తరగతులుగా విభజించిరి. మొదలంట విరిగిన రెండవ తరగతి సులభముగా అతుకదని, అందును వృద్ధులలో మరింత కష్టమని తరువాతి అనుభవము చెప్పినది. స్నానాల గదిలో జారి నుదురు కొట్టుకొనిన ముసలివారికి మెడ నొప్పి తగ్గకున్నచో ఈ సంగతి గుర్తుండవలెను.

1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సి.టి. యంత్రముతో మొదటి రోగికి పరీక్ష జరిగినది. అది మొదట మెదడును చూచుటకే పుట్టినను, క్రమముగా ఎముకను పొరలు పొరలుగా చూపుటకును వచ్చినది. 1980ల తరువాత వ్యాపించిన ఎం.ఆర్.ఐ. నారబంధములను, వెన్నుపామును చూపినది. సాధారణ ఎక్స్‌రేలో దాగిన విరుగుటలు వీనితో బయటపడినవి. భారతదేశమునకు మరియొక విశేషము గలదు. ఈ కీలు పుట్టుకతోనే వదులుగా నుండువారు మన దేశమున తరచు కనబడుచున్నారు. 1967లో బొంబాయి వైద్యుడు వాడియా ఇట్టివారి వెన్నుపాము వ్యాధిని విపులముగా వర్ణించెను. వారికి చిన్న పాటు సయితము పెద్ద హాని చేయగలదు. కనుక దెబ్బ చిన్నదే గదా యని నిశ్చింతగా నుండరాదు.

పట్టుటలోని ప్రగతియు ఆసక్తికరమైనదే. 1891లో అమెరికాలో హాడ్రా అను వైద్యుడు మెడపూసల మొనలను తీగతో బిగించెను. 1910లో మిక్స్‌టరు, ఆస్గుడ్ అను వైద్యులు మొదటి పూసను రెండవదానికి పట్టుదారముతో కట్టిన వృత్తాంతమును ప్రకటించిరి. 1927లో జర్మనీ వైద్యుడు ఫోయెర్‌స్టర్ కాలి ఎముక ముక్కను తెచ్చి పుర్రెకును మెడకును వంతెనగా అతికించెను. 1933లో క్రచ్‌ఫీల్డ్ పుర్రెను రెండు ప్రక్కల పట్టి సాగదీయు ఇనుప పటకారు తెచ్చెను. 1939లో కెనడాలో గాలీ తీగయు ఎముక ముక్కయు చేర్చి బిగించు పద్ధతిని వివరించెను. 1959లో పెర్రీ, నికెల్ అను అమెరికా వైద్యులు తలచుట్టును వలయము బిగించి మొండెమునకు కట్టు సాధనమును ప్రకటించిరి. వారు దానిని చేసినది పోలియోతో మెడ నిలువని రోగులకొరకు. కాని అది మెడ విరిగినవారికిని ప్రాణమిచ్చినది. ఒక రోగమునకు పుట్టిన ఉపాయము మరియొకదానికి పనికివచ్చుట వైద్యములో తరచు జరుగు సంగతి.

తరువాతి పెద్ద అడుగు మన దేశమునుండే పడినది. బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అతుల్ గోయెల్ అను శస్త్రవైద్యుడు మొదటి పూసలోను రెండవ పూసలోను వేరువేరుగా మరలు దిగించి వానిని లోహపు పలకతో కలుపు విధానమును 1988 ప్రాంతమున ఆరంభించి, 1994లో ప్రకటించెను. 2001లో జర్మనీవారు హార్మ్స్, మెల్చెర్ దానినే కొంత మార్చి కడ్డీలతో చేసిరి. నేడు లోకములో పలుచోట్ల ఈ శస్త్రచికిత్స జరుగుచున్నది. పట్టుదారముతో మొదలైన ముడి, ఎనుబదియేండ్లు దాటినపిదప, పూసలలోనికే దిగిన మరగా మారినది.

మరి తెలుగువారికి ఈ విద్య ఎప్పుడు అందినది? నరముల శస్త్రవైద్యము దక్షిణదేశమున 1949లో వెల్లూరులో జేకబ్ చాందీతోను, 1950లో మదరాసు జనరల్ ఆసుపత్రిలో రామమూర్తితోను ఆరంభమైనది. 1950ల నడుమ విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావు ఆ విభాగమును నెలకొల్పెను. హైదరాబాదులో నిజాము ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రి 1964లో తెరువబడినది. అదియే తరువాత నిజాము వైద్యవిజ్ఞాన సంస్థగా పెరిగినది. బాల్కొండనుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. జిల్లా ముఖ్యపట్టణము సుమారు 40 కిలోమీటర్లు. అచ్చట ప్రభుత్వ వైద్యకళాశాల 2013లో వచ్చినది. 2005లో హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు ఈ దూరమును కొంత తగ్గించినది. అయినను బండి వచ్చువరకు గల సమయము గాయపడినవాని ప్రక్కనున్నవారి చేతులలోనే ఉన్నది.

ఆ సమయమున ఏమి చేయవలెను? చెట్టునుండి పడినవానికి, బండినుండి ఎగిరిపడినవానికి మెడ విరిగియుండవచ్చుననియే మొదట భావింపవలెను. 2001లో కెనడా వైద్యులు ప్రకటించిన నియమమున మూడడుగుల ఎత్తునుండి పడుటయే ప్రమాదకరముగా లెక్కింపబడినది. మన తాటిచెట్టు ఎత్తు అంతకు పదిరెట్లు, అంతకంటెను ఎక్కువ. నిప్పో, వచ్చు బండ్లో ప్రాణము తీయునట్లు ఉన్నచో తప్ప అతనిని కదపరాదు. కూర్చుండబెట్టరాదు. నోటిలో నీళ్లు పోయరాదు. ఒకరు తలవైపు మోకరించి, రెండు చేతులతో తలను ఇరుప్రక్కల పట్టి, ఉన్నది ఉన్నట్లు నిలుపవలెను, లాగరాదు, త్రిప్పరాదు. మరియొకరు 108కి కబురు చేయవలెను. ఊపిరి అందకున్నచో తలను వెనుకకు వంచక, దవడ మూలలను మాత్రము ముందుకు ఎత్తవలెను. ఊపిరి ఆడుచున్నంతవరకు శిరస్త్రాణమును బలవంతముగా ఊడదీయరాదు.

వాంతి వచ్చియో, వేరు దారి లేకయో ప్రక్కకు త్రిప్పవలసినచో, తల పట్టినవాని మాటపై నలుగురును కలిసి, దుంగను దొర్లించినట్లు తల, మెడ, మొండెము ఒక్కసారిగా త్రిప్పవలెను. మోసికొని పోవుట తప్పనిచో నులకమంచము పనికిరాదు, అది నడుమ క్రుంగును. తలుపు చెక్కవంటి బల్లపరుపు పలక మేలు. భుజాన వేసికొని పోవుటయు, ఆటోలో ఇరికించి కూర్చుండబెట్టుటయు ప్రేమతో చేయు పనులే. కాని ఆ ప్రేమయే ఆ మిగిలిన ఖాళీ చోటును మూసివేయవచ్చును. లేచి నడచుచున్నవాడైనను ముచ్చిలిగుంటలో నొప్పి యనినను, తన తలను తానే రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నను, కాలుచేతులలో తిమ్మిరి యనినను వైద్యశాలకు పంపకుండ ఉండరాదు.

పడిన తరువాత పట్టుటకంటె పడకుండ పట్టుట మేలు. తెలంగాణములో గీతకార్మికుల మృతులును, అంగవైకల్యములును ఏండ్ల తరబడి జరుగుచుండగా, 2024 జూలైలో ప్రభుత్వము కాటమయ్య రక్షాకవచమను పేర రక్షణ సామగ్రిని ఇచ్చుట ఆరంభించినది. తాతలనాటి మోకునకు తోడుగా, చేయి జారినను మనిషిని చెట్టునకే నిలిపి ఉంచు పట్టీలు అందున్నవి. చెట్టెక్కువాడు దానిని బరువనుకొనక ధరింపవలెను. ఇంటివారు దానిని అడిగి తొడిగింపవలెను. హమాలీ తలపై మోపు బస్తా విషయములోను, యువకుని శిరస్త్రాణము విషయములోను అదే పట్టుదల అవసరము.

ఈజిప్టు వైద్యుడు చికిత్స లేదన్నచోట నేడు చికిత్స కలదు. అయినను అది ఆసుపత్రి గుమ్మము దాటి వచ్చినవానికే కలదు. తల వెన్నెముకనుండి పూర్తిగా విడిపోయిన గాయమున నేటికిని పలువురు అక్కడికక్కడే మరణించుచున్నారు. వారి విషయమున మన జాగ్రత్త చాలకపోవచ్చును. తక్కినవారిలో ఎందరో, మూడవ పాలు ఖాళీ ఇంకను మిగిలి, నేలపై పడియుండి మన చేతులకొరకు ఎదురుచూచువారు. ప్రతి ఊరిలో నలుగురైనను తల ఎట్లు పట్టవలెనో నేర్చికొని, ఇంటింట పిల్లలకు నేర్పినచో, వారిలో కొందరు తమ కాళ్లతో తాము ఇల్లు చేరుదురు.